గృహిణీగోష్ఠి: అప్పులేని పండుగ



డిసెంబరు వచ్చినది. మా టెక్కలి వీథులలో క్రైస్తవుల యిండ్ల చూరులకు కాగితపు నక్షత్రములు వ్రేలాడుచున్నవి. ఈ మాసమున పండుగ పిండివంటలను గూర్చియు, జీడిపప్పు పురుగుపట్టకుండ నిలువచేయు తీరును గూర్చియు వ్రాయవలెనని కలము పట్టితిని. ఇంతలో ఒక సోదరి వ్రాసిన లేఖ నా చేతికి వచ్చినది. పిండివంటలు మఱియొక మాసమునకు నిలిచిపోయినవి. మన్నింపుడు.

ఆమె పేరును ఊరును చెప్పుట తగదు. ఉద్దానపు తీరమున నొక పల్లె యనిన చాలును. భర్తకు మూత్రపిండముల జబ్బు. వారమునకు రెండుసార్లు డయాలసిస్ చేయించుకొని రావలసియున్నది. ఆమె పలాసలో జీడిపిక్కల బట్టీకి కూలికి పోవుచున్నది. జీడిపిక్క పెంకులోని చమురు చేతులను కాల్చి నల్లబఱచునని మీరెఱుగుదురు. ఆ చేతులతోనే ఆమె నాలుగు పుటల లేఖ వ్రాసినది. ఇంటికి మూడుచోట్ల అప్పు గలదట. ఒక ఆదివారము ప్రార్థనాలయమున సంతుష్టిని గూర్చిన ప్రసంగము వినివచ్చి, ఆ రాత్రియే యిట్లు వ్రాసినది: “ఉన్నదానితో తృప్తిపడనివారే అప్పుల పాలగుదురని చెప్పిరి. అమ్మగారూ, నాకు తృప్తి లేకపోవుటచేతనే యీ యప్పు వచ్చినదా? దేవుని యెదుట నేను అపరాధినా?”

ఈ ప్రశ్నకు బదులు చెప్పక మఱియేమి వ్రాయుటకును నాకు చేయి రాలేదు.

ఉద్యానవనమను మాటయే ఉద్దానమైనదని మా ప్రాంతపు పెద్దలందురు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మొదలగు మండలములలోని కొబ్బరి, జీడి, పనస తోటలను చూచినవారికి ఆ మాట నిజమనియే తోచును. కాని యీ తోటల నీడలో మూత్రపిండముల వ్యాధి అనేక సంవత్సరములుగ కాపురము చేయుచున్నది. మధుమేహము లేనివారికి, రక్తపుపోటు ఎఱుగనివారికి, పొలములో కష్టపడు మగవారికి ఆడువారికిని వచ్చుచున్నది. కారణమిది యని వైద్యులు నిశ్చయముగ తేల్చి చెప్పజాలకున్నారు. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల ఆసుపత్రియు, పరిశోధనాలయమును తెఱచిరి. హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా మంచినీరును తెచ్చిరి. ప్రభుత్వాసుపత్రులలో డయాలసిస్ ఉచితము; పింఛనును కలదు. ఇది మేలు, కాదనరాదు. ఐనను రోగికి ఆటో కూలి ఎవరిత్తురు? రోగి పనికి పోలేడు. తోడు వెళ్లినవారి ఆనాటి కూలియు పోవును. మందులలో కొన్ని బయట కొనవలసివచ్చును. ఉచితమైన వైద్యము చుట్టును ఉచితముకాని ఖర్చులు ముండ్లకంపవలె అల్లుకొనియుండును.

దీనికి తోడు తుఫానులు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ. తిత్లీ పలాసకు సమీపముననే తీరము దాటినది. ఆ యొక్క రాత్రిలో మా బంధువుల తోటలో నిలువున్న కొబ్బరిచెట్లు వ్రేళ్లతో పెకలి అడ్డముగ పడియుండుటను నేను కన్నులార చూచితిని. నాటిన దేశవాళి కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు పట్టును. జీడి అంట్లు మూడవ ఏటినుండి కొంత కాచును. ఈ నడిమి కాలమున ఆ యింటివారు ఏమి తినవలెను? అప్పు చేసిరి. వారిని తృప్తి లేనివారని యెవరైన అందురా?

కావున సోదరీ, నా మొదటి మాట యిది. అప్పులలో రెండు జాతులు గలవు. ఒకటి అక్కరకు చేసినది. రెండవది మెప్పునకు చేసినది. రెండును నోటుమీద ఒకేరీతిగ కనిపించును, వడ్డియు ఒకే వేగముతో పెరుగును. కాని ప్రసంగించువారు రెంటిని ఒకే కొరడాతో కొట్టుట న్యాయము కాదు.

పరిశుద్ధ గ్రంథమున రాజుల రెండవ గ్రంథములో ఒక విధవరాలి కథ గలదు. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో నొకడు, దేవునికి వెఱచినవాడు. అట్టివాడే అప్పు మిగిల్చి చనిపోయెను. అప్పులవాడు ఆమె యిద్దఱు కుమారులను దాసులుగ కొనిపోవుటకు వచ్చెను. ఆమె ఎలీషా ప్రవక్తను ఆశ్రయించినది. నేనీ కథను చిన్ననాటనుండి వినుచున్నను, ఈ మధ్యనే నాకొక సంగతి తోచినది. ప్రవక్త ఆమెను అప్పు ఎందులకు చేసితిరని యడుగలేదు. తృప్తిని గూర్చి బోధింపలేదు. ఇంటిలో ఏమున్నదని మాత్రమే యడిగెను. ఉన్నది ఒక చిన్న నూనె కుండ. పొరుగువారి యిండ్లకు పోయి వట్టి పాత్రలు అడిగి తెమ్మనెను. ఆ నూనెతోనే పాత్రలన్నియు నిండిన పిమ్మట, దానిని అమ్మి మొదట అప్పు తీర్చుమనియు, మిగిలినదానితో బిడ్డలతో కూడ బ్రతుకుమనియు చెప్పెను. ముందు అప్పు, పిమ్మట బ్రతుకు. ఆ వరుసను గమనింపుడు. (పొరుగిండ్ల పాత్రలు కూడ చేబదులే కదా యని మా అమ్మాయి యడిగినది. పాత్రకు వడ్డి లేదమ్మా యని చెప్పితిని.)

సంతుష్టిని గూర్చిన బోధ అప్పు చేసినవారికే కాక అప్పిచ్చువారికిని కావలెను. నెహెమ్యా కాలమున యెరూషలేములో కరవు వచ్చినపుడు ప్రజలు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను తాకట్టుపెట్టి ధాన్యము తెచ్చుకొనిరి. తుదకు కూతుండ్రను దాస్యమునకు అప్పగించిరి. నెహెమ్యా కోపగించెను. ఎవరిమీద? అప్పు చేసినవారిమీద కాదు, వడ్డి తీసికొను ప్రధానులమీద. పొలములను తిరిగి యిండనియు, నూటికొక వంతుగా తీసికొనుచున్నదానిని మానుకొనుడనియు సభలో ఆజ్ఞాపించెను. అది నెలకు నూటికొకటి యని వ్యాఖ్యాతలు పలువురు చెప్పుదురు. నూటికి రూపాయి వడ్డి! మా పల్లెలలో నూటికి రెండు ధర్మవడ్డి, మూడు వాడుక వడ్డి, అక్కర ముదిరినచో అయిదును కలదు. నెహెమ్యా మా సంతలో నిలిచినయెడల ఏమనియుండెడివాడో!

మోషే ధర్మశాస్త్రమున మఱియొక చక్కని కట్టడ గలదు. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కొఱకు బీదవాని యింటిలోనికి జొరబడరాదు, వెలుపల నిలువవలెను. కప్పుకొను వస్త్రము తాకట్టుగ తీసికొన్నచో ప్రొద్దుగ్రుంకువేళకు తిరిగి యీయవలెను. తిరుగటిరాయిని తాకట్టు పట్టనే రాదు, అది బ్రతుకును తాకట్టు పట్టుట గనుక. ఇది చదివినప్పుడెల్ల నాకు 2010వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చును. వారము వారము వాయిదా వసూలుచేయు సూక్ష్మ ఋణ సంస్థల మనుష్యులు ఇండ్ల యరుగులమీద కూర్చుండి కదలకుండుటయు, ఒకామె కట్టలేకున్న గుంపులోని తక్కిన స్త్రీలచేత ఆమెను నిందింపజేయుటయు, అవమానము భరింపలేక కొందఱు ప్రాణములు తీసికొనుటయు ఆనాటి పత్రికలలో చదివితిమి. ఆ యక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి వారి ఆగడములను అరికట్టవలసివచ్చెను. ఇప్పుడు అరుగుమీద కూర్చుండువారు తగ్గిరి. వారికి బదులు చేతిలోని ఫోనులోనే అప్పు దొరకుచున్నది. అయిదు నిమిషములలో వచ్చును. వాయిదా తప్పినచో మన బంధువుల ఫోనులన్నిటికిని మన అవమానము ప్రాకును. గడప దాటరాదన్న ధర్మము ఫోనునకును వర్తింపవలెనని నా మనవి.

ఇక మెప్పునకు చేయు అప్పును గూర్చి వ్రాయవలెను. ఇచ్చట నేను బోధకురాలను కాను, నేరస్థురాలను.

మా నాన్నగారు తెలుగు పండితులు. నన్ను బడికి పంపక యింటనే చదివించిరి. ఒకే బల్లమీద ఒకవైపు ఆంధ్రమహాభారతమును, మఱియొకవైపు బైబిలును ఉంచెడివారు. అరణ్యపర్వమున యక్షుడు ధర్మరాజును సుఖి యెవ్వడని ప్రశ్నించు ఘట్టము నాన్నగారికి మిక్కిలి యిష్టము. ధర్మరాజు రాజ్యమును చెప్పలేదు, ధనమును చెప్పలేదు. ఎన్నాళ్లకో ఒకనాడు ఆకుకూర మాత్రమే వండుకొన్నను, అది తన యింట వండుకొనుచు, అప్పులేక, పరదేశమునకు పోవు అక్కరలేక యుండువాడే సుఖి యని తాత్పర్యము. అప్పును, వలసను ఏల జతచేసెనో చిన్ననాడు నాకు బోధపడలేదు. పెండ్లియై యీ ప్రాంతమునకు వచ్చిన పిదప బోధపడినది. చెన్నపురికి, హైదరాబాదునకు, ముంబయికి, అండమానుకు పోవు మా వారి యిండ్లలో విచారింపుడు. కూలికొఱకు పోయితిమని కొందఱందురు. ‘అప్పు తీర్చుటకు పోయినాడమ్మా’ అని తల్లులు చెప్పుదురు.

ఇంత చదివియు నేను చేసినది వినుడు.

ఆఱేండ్లక్రిందట ఇట్టి డిసెంబరులోనే ఒక చీరల వర్తకుడు మా వాకిట మూట దించెను. మీ వీథులకును అట్టివారు వత్తురు. డబ్బు ఇప్పుడు అక్కరలేదమ్మా, వారమునకు కొంత యిచ్చిన చాలునమ్మా యని తియ్యగ పలుకుదురు. పండుగనాడు ప్రార్థనాలయమున ముందు బల్లపై కూర్చుండువారి చీరలు నా కన్నులలో మెదలినవి. మాస్టరుగారి భార్య పాతచీర కట్టుకొని వచ్చినదని అనుకొందురేమో యని భయము. అట్లు ఎవరును అనలేదు, నేనే అనుకొంటిని. చిలుకపచ్చ పట్టుచీర తీసికొంటిని. వారమునకు రెండువందల యేబది చొప్పున ముప్పదియాఱు వారములు. మావారికి చెప్పలేదు. పుట్టింటివారు పెట్టిరన్నట్లు ఊరకుంటిని. అబద్ధమాడలేదని నాకు నేనే సమాధానము చెప్పుకొంటిని. చెప్పవలసినది చెప్పకుండుట మాత్రము ఏమి?

పండుగ గడచినది. జనవరిలో మా పొరుగింటి వదినగారు వచ్చిరి. ఆమె భర్తను విశాఖపట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోవలసియుండెను. రెండువేలు చేబదులడిగిరి. అంతకుముందు రెండుమూడు పర్యాయములు అడుగగా ఇచ్చియున్నాను. ఆమె తప్పక తిరిగి యిచ్చినది. ఆ నాడు నా బియ్యపు డబ్బాలో దాచిన సొమ్ములో వాయిదాలకు పోగా నూటయిరువది రూపాయలున్నవి. లేదంటిని. ఆమె నొచ్చుకొనక, ‘పరవాలేదమ్మా’ యని వెళ్లిపోయిరి.

తరువాతి ఆదివారము ఆమె ప్రార్థనకు వచ్చిరి. చెవులకు కమ్మలు లేవు. చెవితూట్లు పూడకుండ వేపపుల్లలు పెట్టుకొనియున్నారు. కమ్మలు నూటికి మూడు రూపాయల వడ్డికి తాకట్టు పోయినవి. నేను ముందు బల్లమీద చిలుకపచ్చ పట్టుచీరతో కూర్చుండియున్నాను. ఆనాడు ఏ కీర్తన పాడితిమో, ఏ వాక్యము చదివిరో నాకు జ్ఞాపకము లేదు. వేపపుల్లలు జ్ఞాపకమున్నవి.

అప్పు చేసినవాడు ఇచ్చినవానికి దాసుడగునని సామెతల గ్రంథకర్త చెప్పెను. ఆ మాట నేను ఎన్నియో సార్లు బిడ్డలచేత వల్లె వేయించితిని. దాస్యమనగా వసూలుదారుని యెదుట తలవంచుట యనియే అనుకొంటిని. అది కాదు. నా చేయి నాది కాకుండ పోయినది. ఇయ్యదలచిన చోట ఇయ్యలేని చేయి యెవరిది? పౌలు భక్తుడు రోమా సంఘమునకు వ్రాయుచు, ఎవ్వరికిని ఏమియు అచ్చియుండవద్దని చెప్పి, ప్రేమ యొక్కదానిని మాత్రము ఎన్నటికిని తీరని ఋణముగ విడిచిపెట్టెను. నేను చీర ఋణమునకు వాయిదా కట్టుచు, తీర్చవలసిన ఆ ఋణమునకు మొండిచేయి చూపితిని.

ఆ రాత్రి మావారితో చెప్పితిని. కోపపడుదురనుకొంటిని. కొంతసేపు ఊరకుండి, పలకయు బలపమును తెమ్మనిరి. బడిపంతులుగారు కదా! ఆ చీర బజారులో ఆఱువేలకు దొరకును. రెండువందల యేబదిని ముప్పదియాఱుచేత హెచ్చవేసినచో తొమ్మిదివేలు. ఎనిమిది మాసములు దాటి కొన్ని దినములలో అసలులో సగము వడ్డి. అంతటితో విడువలేదు. వదినగారి వడ్డియు లెక్కవేసిరి. పదివేలకు నెలకు మూడువందలు. ఏడాదికి మూడువేల ఆఱువందలు. మూడేండ్లకు పదివేల ఎనిమిది వందలు. వడ్డి అసలును మించినది, అసలు అట్లే యున్నది. వడ్డి అసలునకు మించరాదని మన పూర్వపు స్మృతికారులు విధించిరే, ఆ స్మృతి నేడెక్కడ నున్నదో యని నవ్విరి. నాకు నవ్వు రాలేదు.

మిగిలిన వాయిదాలను ఫిబ్రవరి జీతమున ఒక్కసారిగ తీర్చివేసితిమి. ఆ నెల మా యింట చేపలకూర లేదు, పెరుగునకు బదులు పలుచని మజ్జిగ. వదినగారి కమ్మలు విడిపించుటకు మాకు అయిదు మాసములు పట్టినది. ఆమె వలదనిరి, చేబదులుగనే తీసికొనుడని ఒప్పించితిని.

ఇప్పుడు సంతుష్టిని గూర్చి నాకు తోచినది చెప్పుదును. పౌలు భక్తుడు ఫిలిప్పీ సంఘమునకు చెఱలోనుండి వ్రాయుచు, ఏ స్థితిలోనున్నను తృప్తిగ నుండ నేర్చుకొంటినని చెప్పెను. నేర్చుకొంటిననియే చెప్పెను గాని, పుట్టుకతో వచ్చినదనలేదు. ప్రార్థించిన తక్షణమే దిగివచ్చినదనియు అనలేదు. అన్నము వార్చుట నేర్చినట్లు, అల్లిక నేర్చినట్లు, చేతులు కాల్చుకొని, పోగులు తెంపుకొని నేర్వవలసిన విద్య. అంతియ కాదు. అదే లేఖలో ఫిలిప్పీవారు పంపిన సహాయమునకు ఆయన ఎంతయో కృతజ్ఞత చెప్పెను. తృప్తుడైన మనుష్యుడు ఇతరుల సహాయమును త్రోసివేయలేదు. కావున లేఖ వ్రాసిన సోదరీ, సహాయము అడుగుట తృప్తిలేమి కాదు. సిగ్గుపడవలదు.

ఎలీషా అడిగిన ప్రశ్ననే నిన్నును అడుగుదును. నీ యింట ఏమున్నది? మూడు అప్పులను ఒకే కాగితముమీద వ్రాయుము: ఎవరిది, అసలెంత, నూటికెంత, ఏ దినమున కట్టవలెను. నీ లేఖలో ఒకటి నూటికి అయిదు రూపాయలదని వ్రాసితివి. పెద్ద అప్పును కాదు, పెద్ద వడ్డిని మొదట చంపవలెను. పొదుపు సంఘములో నీకు సభ్యత్వము కలదంటివి. సంఘము ద్వారా బ్యాంకునుండి వచ్చు అప్పునకు వడ్డి యెంతయో తక్కువ. దానిని తెచ్చి ఆ అయిదు రూపాయల నోటును చింపించుము. నోటును నీ యెదుటనే చింపించుము, మాట నమ్మవలదు. ఆ సొమ్ములో ఒక్క రూపాయియైనను పండుగకు మళ్లింపవలదు. పింఛను కాగితములు, ఆసుపత్రి చీటీలు ఒకే సంచిలో నుంచుము. ఇవి నీకు చిన్నమాటలుగ తోచవచ్చును. కాని చీటీ దొరకక పింఛను ఆగిన యిండ్లను నేనెఱుగుదును.

పొదుపు సంఘము మాట వచ్చినది గనుక ఒక కథ చెప్పవలెను. జర్మనీ దేశమున రైఫైసెన్ (1818–1888) అను గ్రామాధికారి యుండెను. భక్తిగల క్రైస్తవుడు. 1846–47 శీతకాలపు కరవులో బీదలకు రొట్టె దొరకుటకై సంఘము నేర్పరచెను. పిమ్మట, దానము ఒకనాడు ఆకలి తీర్చునే గాని వడ్డివ్యాపారి చేతినుండి విడిపింపదని గ్రహించి, ఊరివారే పొదుపుచేసి ఒకరికొకరు అప్పిచ్చుకొను సంఘములను స్థాపించెను. ఒక ఊరివారు, ఒకరినొకరు ఎఱిగినవారు, ప్రయోజనమున్న పనికే అప్పు. మనిషి నడవడియే తాకట్టు. మద్రాసు ప్రభుత్వము తరపున ఫ్రెడరిక్ నికల్సన్ 1895–97లో వ్రాసిన నివేదికలో, మన రైతులకు కావలసినది అట్టి మనుష్యుడే యని తేల్చెను. అప్పటికి మా టెక్కలియు ఆ రాష్ట్రములో గంజాము జిల్లాలోనిదే. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. దూబగుంట స్త్రీలు 1992లో సారాను ఎదిరించిన పిమ్మట, నెల్లూరు జిల్లా స్త్రీలు దినమునకొక రూపాయి చొప్పున పొదుపుచేయ నారంభించిరి. మన డ్వాక్రా సంఘములలో నెలనెల జరుగు పొదుపులోను ఆ గుణమే యున్నది: ముందు పొదుపు, పిమ్మట అప్పు. ఈ వరుస తిరుగబడిన చోటనెల్ల సంఘము చెడినది.

ఒక హెచ్చరిక మాత్రము. సంఘములో సంతకము చేయుట పూచీపడుట. పొరుగువానికొఱకు పూచీపడి మాట యిచ్చినవాడు, వేటగాని చేతినుండి లేడి తప్పించుకొన్నట్లు తప్పించుకొనవలెనని సామెతల గ్రంథమున చెప్పబడినది. నాయకురాలు పుస్తకము చాచి వ్రేలు చూపిన చోట సంతకము చేసి, ఎంతకు చేసితిమో తెలియని స్త్రీలు మా వీథిలోనే గలరు. చదువవచ్చిన స్త్రీలు గదా మనము. చదివియే చేయుదము. అప్పు దేనికని అడుగుటకు మొగమాటపడినచో, పిమ్మట తీర్చుటకు మొగమాటము పనికిరాదు.

మా యింట ఆ చీర పిదప ఒక వాడుక వచ్చినది. పాతదొక పాలపిండి డబ్బా మూతకు చీలిక చేసి, మైనముతో మూసియుంచితిమి. జీతము వచ్చిన దినమున, ఏ ఖర్చునకంటెను ముందు, దశమభాగము తీసిన చేతితోనే దీనిలో కొంత వేయుదుము. అక్టోబరు నవంబరు మాసములు తుఫానుల కాలము గనుక దీనికి తుఫాను డబ్బా యని బిడ్డలు పేరుపెట్టిరి. తుఫాను రాని యేట పొరుగువారి అక్కరకు తెఱతుము. పెద్ద మొత్తము కాదు. ఐనను జనవరిలో ఎవరైన వాకిట నిలిచినచో లేదనకుండుటకు చాలును. చీర కొనవలెనన్న కోరిక చచ్చిపోలేదు సుమా. బజారులో పట్టుచీరల కొట్టు ముందు నా నడక నేటికిని మందగించును.

మా ప్రార్థనాలయపు స్త్రీల సమాజములో గత మాసమున ఒక ప్రతిపాదన చేసితిని. ఈ పండుగకు వాయిదాలమీద ఎవ్వరమును బట్టలు తీసికొనరాదు. రొక్కము ఉన్నవారు తమ శక్తికొలది బిడ్డలకు కొనుక్కొనవచ్చును. పెద్దల చీరలకు కాగల సొమ్ములో కొంత ఒకచోట చేర్చి, మన సంఘములో జబ్బుచేసినవారి యింటి తాకట్టు ఒకటి విడిపింపవలెను. వెంటనే ఒప్పుకొనిరనుకొనకుడు. ‘పండుగనాడు పాతచీరయా? మా అత్తగారు ఊరుకొందురా?’ అని ఒకరు. ‘క్రొత్తబట్ట దేవునికి గౌరవము కాదా?’ అని మఱియొకరు. ఆ రెండవ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ఏడాదికొక మాఱైన క్రొత్తచీర కట్టుకొనవలెనన్న కూలివాని భార్యను తప్పుపట్టుటకు నేనెవ్వతెను? అందుకే రొక్కమునకు కొనువారిని ఏమియు అనరాదని నిర్ణయించుకొంటిమి. తుదకు తొమ్మిదిమంది పేర్లిచ్చిరి. మా అత్తగారు మొదటి పేరు వ్రాయించుకొనిరి. పశువులపాకలో పుట్టిన బిడ్డను చూడవచ్చిన గొల్లలు చీరలు మార్చుకొని వచ్చిరా యేమి అని ఆమె అన్నప్పుడు సభలో నవ్వు పుట్టినది. పోగుచేసిన సొమ్ముతో ఎవరి తాకట్టు విడిపింతుమో యిచ్చట వ్రాయను, వారికి నచ్చదు.

హిందూ సోదరీమణులకు సంక్రాంతి వచ్చుచున్నది. మీ వీథిలోను ఆ మూటలవారు తిరుగుచునే యుందురు. అప్పుతెచ్చి చేయు వేడుకను సుమతీశతకకారుడు ఏమనెనో మీ బిడ్డలే మీకు అప్పజెప్పగలరు, నేను చెప్పనేల?

మొన్న బుధవారము ఆ చీరల వర్తకుడే మరల మా వాకిట మూట దించెను. వయసు మీదపడినది, సైకిలునకు బదులు పాత మోటారుబండి. “ఏటమ్మగారూ, ఈ యేడు మీ వీథిలో బేరమే లేదు” అనెను. మంచినీళ్లిచ్చి కూర్చుండుమంటిని. మాటలలో తెలిసినదేమనగా, ఆ మూట ఆయనది కాదు. టోకు వర్తకునియొద్ద అరువు తెచ్చినది. మోటారుబండియు వాయిదాలమీదిదే. మేము చీరలు మానుకొన్నందున ఆయన నెల ఎట్లు గడచునో యని నాకు ఆ క్షణమున తోచి, లోలోపల కలవరపడితిని. దానికి నాయొద్ద సమాధానము లేదు. రొక్కమునకు బిడ్డకొక తువాలు తీసికొంటిని. తొంబది రూపాయలు. నూరు రూపాయల నోటిచ్చితిని. చిల్లర లేదనియు, పది రూపాయలు వచ్చే వారము ఇత్తుననియు చెప్పి, తన చిన్న పుస్తకములో నా పేర వ్రాసికొని వెళ్లిపోయెను. ఆ పుస్తకములో నా పేరు మరల ఎక్కినది. కాని ఈ సారి బాకీ ఆయనది.